మా అమ్మ వంటమనిషి కాదు

నేను అనాథనని నాకు తొమ్మిదో ఏట చెప్పారు. చెప్పిన రోజున మా అమ్మ కాలవ కింద ఆసామి చేలో నాట్లేస్తోంది. మా నాయన బందరులో రిక్షా తొక్కుతున్నాడు. ఇద్దరూ బతికే ఉన్నారు. అయినా హోములో చేరిన మూడో రోజున పాస్టరయ్యగారు మా ఇరవైమందినీ వరసగా కూచోబెట్టి, "దొరలొచ్చి మీ అమ్మానాన్నలేరని అడిగితే ఏం చెప్పాలి?" అనడిగాడు. జవాబు కూడా ఆయనే చెప్పాడు. మేమంతా ఒక్క గొంతుతో అప్పజెప్పాం: "నో ఫాదర్, నో మదర్ సార్." ఇంగ్లీషులో నేను నేర్చిన మొదటి వాక్యం అది.

ఇది 1979 నాటి మాట. దానికి రెండేళ్ళ ముందు, 1977 నవంబరు 19 శనివారం నాడు, సముద్రం దివిసీమ మీదకొచ్చింది. చచ్చిపోయింది పదివేలమందని సర్కారు లెక్క. అంతకంటే చాలా ఎక్కువని శవాలు ఎత్తినవాళ్ళు చెబుతారు. ఎత్తింది మావాళ్ళే గనక నేను వాళ్ళ లెక్కే నమ్ముతాను. ఊరు మెరక మీదుంది, మా మాలపల్లి పల్లంలో ఉంది. నీళ్ళకి కులం తెలీదంటారు. పల్లం తెలుసుగదా. ఆ పల్లం ఎవరికిచ్చారో అడగండి. మా రెండేళ్ళ చెల్లి అమ్మ చేతుల్లోంచి జారిపోయింది. తుమ్మచెట్టు కరుచుకుని అమ్మ తెల్లారిందాకా ఉంది.

తర్వాత సాయం వచ్చింది. బియ్యం, దుప్పట్లు, పాలపొడి. క్రైస్తవ సంస్థలొచ్చాయి. ఆర్‌ఎస్‌ఎస్ వాళ్ళొచ్చి ఊరు కట్టి దీనదయాళ్‌పురం అని పేరెట్టారు. వచ్చినవాళ్ళల్లా ఏదో ఒక బోర్డు పాతారు. అట్లాంటి ఒక బోర్డు కింద మొలిచిందే మా హోము.

మమ్మల్నెవరూ ఎత్తుకుపోలేదు. ఆ మాట ముందే చెప్పేస్తాను, తర్వాత నా మాటలు పట్టుకుని ఊరేగేవాళ్ళుంటారు. అమ్మే నా చెయ్యి పట్టుకుని తీసికెళ్ళి అప్పజెప్పింది. మూడు పూటలా అన్నం, బడి, చొక్కా లాగూ. మరి సర్కారు హాస్టలు లేదా? ఉంది. ఎనిమిది మైళ్ళ అవతల. అందులో సీటుకి సర్పంచి సంతకం కావాలన్నారు. సర్పంచే మా ఆసామి. ఇంకో రెండేళ్ళలో తన గొడ్ల వెంట పోవాల్సిన కుర్రాణ్ణి బళ్ళో పెట్టటానికి ఆయనెందుకు సంతకం పెడతాడు? నన్ను హోములోకి నెట్టింది ఉప్పెన కాదు, ఆ సంతకం. కానీ నా ఫైల్లో ఉప్పెన అని రాశారు. తల్లీతండ్రీ ఇద్దరూ కొట్టుకుపోయారని రాశారు. సంతకం సంగతి ఎవరికీ డాలర్లు తేదు.

హోము నడిచే తీరు చెప్పాలి. ప్రతి పిల్లాడికీ ఒక నంబరు, ఒక ఫోటో, ఒక కార్డు. ఆ కార్డు సముద్రాలు దాటిపోయి ఏదో చర్చిలో ఒక కుటుంబం చేతిలో పడుతుంది. వాళ్ళు నెలనెలా డబ్బు పంపుతారు. ఏడాదికి రెండుసార్లు మేం ఉత్తరం రాయాలి. అది బోర్డు మీద రాసి ఉంటుంది. నేను క్షేమం, బాగా చదువుతున్నాను, మీకోసం ప్రార్థన చేస్తున్నాను. ఖాళీ వదిలిన చోట దాత పేరు నింపాలి. నలభైమందిమీ అదే రాసేవాళ్ళం. ఆ డబ్బులో ఎంత మా కంచాల్లోకి వచ్చేదో ఎంత మేడకి రెండో అంతస్తయ్యేదో నేను లెక్క చూడలేదు. కానీ ఒకటి తెలుసు. కూలోడి కొడుకంటే కార్డు కదలదు. మాలోడి కొడుకంటే ఏంటో వాళ్ళకి అర్థమే కాదు. అనాథ అంటే కదుల్తుంది. అందుకని మా అమ్మానాన్నల్ని చంపారు. చంపింది పరాయివాడు కాదు, పాస్టరయ్యగారు మాలాయనే, మా వరసలో పెదనాయన. నా బాధ అక్కడే.

ఏటా జనవరిలో దొరలొచ్చేవాళ్ళు. పది రోజుల కోసం పదిమందో పన్నెండుమందో. వాళ్ళొస్తున్నారంటే హోముకి సున్నం, మాకు కొత్త గుడ్డలు, నెత్తికి నూనె. పాటలు, చేతులూపటాలు, బెలూన్లు. వెళ్ళేటప్పుడు వాళ్ళు ఏడ్చేవాళ్ళు. నిజంగానే ఏడ్చేవాళ్ళు, నటన కాదు. ప్రతి ఏడూ కొత్తవాళ్ళొచ్చి మమ్మల్ని వొళ్ళో కూచోబెట్టుకుని పదో రోజున ఏడ్చి వెళ్ళిపోతుంటే, చిన్నపిల్లలు వారంరోజులు గేటు దగ్గర కూచునేవాళ్ళు. ఆ వారం ఏ దొరా చూళ్ళేదు.

1981 జనవరి. సంక్రాంతి ముందర. దొరలొచ్చిన రోజునే అమ్మ వచ్చింది. ఆమెకి తెలవదు. గుడ్డలో అరిసెలు మూటగట్టుకుని పదకొండు మైళ్ళు నడిచొచ్చింది. వార్డెను పరుగెత్తుకెళ్ళి, "ఇయ్యాళొచ్చావేందే, వంటపాక ఎనక్కిపో, బయటికి రామాక" అని కసిరింది. అమ్మ వెళ్ళి పాక వెనక పొయ్యి దగ్గర కూచుంది. నేను చూశాను. పాట మధ్యలో ఉన్నాను, ఆపలేదు.

పాటయ్యాక ఒక దొరసానమ్మ కెమెరా పట్టుకుని అన్నీ చూస్తా వంటపాక వెనక్కి పోయింది. వార్డెను నన్ను ముందుకి తోసింది, నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చని. అమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. మొహం ఎట్టా వెలిగిందో ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. దొరసానమ్మ అడిగింది, ఈమె ఎవరని. వార్డెను నావంక చూసింది. నేను అమ్మవంక చూడకుండా, "కుక్, మేడమ్" అన్నాను.

పేతురు మూడుసార్లు బొంకాడు. నేను ఒక్కసారే. కోడి కూడా కూయలేదు.

దొరసానమ్మ మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీసింది. వంటామెకి అబ్బాయంటే ఎంతిష్టమో అని కాబోలు, ఏదో అని నవ్వింది. అమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ ఆ ఒక్క ముక్క అర్థమైందనుకుంటాను. ఎందుకంటే వెళ్ళేటప్పుడు నాకు అరిసెలిచ్చి, "బాగా చదువుకో అబ్బాయ్" అంది గాని, ఎప్పుడూ అనే "మా నాయనే" అనే మాట అనలేదు. తర్వాత చాలాకాలానికి మా అక్కతో అందట: "ఒకదాన్ని నీళ్ళెత్తకపోయినయ్, ఒకణ్ణి సాయమోళ్ళెత్తకపోయారు." నాలుగు నెలలకి పోస్టులో ఆ ఫోటో వచ్చింది. వెనక ఇంగ్లీషులో రాసుంది, నువ్వూ మీ వంటమనిషీ అని.

అయినా నేను చదువుకున్నాను. ఆ అన్నం తినే చదువుకున్నాను. బెజవాడలో డిగ్రీ అయింది. ఉద్యోగం రాలేదు. 1996 జనవరిలో అదే హోము నుంచి కబురొచ్చింది, మెడికల్ క్యాంపుకి ఇంగ్లీషు తెలుగు చెయ్యాలి, రోజుకి వంద రూపాయలు. ఆకలికి అభిమానం ఏముంటుంది, పోయాను. పన్నెండుమంది జట్టు. ఇద్దరు డాక్టర్లు, ఒక పళ్ళ డాక్టరు, మిగతావాళ్ళు కాలేజీ పిల్లలు, రిటైరైన టీచర్లు. బెజవాడ హోటల్లో దిగి, తెల్లారగట్ట రెండు వ్యాన్లలో ఉయ్యూరు, పామర్రు మీదుగా దివిసీమకి వచ్చేవాళ్ళు. పెద్ద డాక్టరు తలనెరిసిన మనిషి. పొద్దున నిలబడితే సాయంత్రం దాకా కూచోలేదు. ఆయన్ని నేను తిట్టను.

మా అక్క అప్పటికి సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పదేళ్ళ సర్వీసు, జీతం ఎనిమిదొందలు. సెలవు పెట్టుకుని క్యాంపుకొచ్చింది, ఊరివాళ్ళకి మేలు జరుగుద్దని. బీపీలు చూసింది, సూదులేసింది, పుళ్ళు కడిగింది, కాలేజీ పిల్లలకి కట్టు కట్టటం నేర్పింది. గ్రూపు ఫోటోలో ఆమెకి చివర చోటిచ్చి, చేతిలో డాక్టరుగారి సంచి పెట్టారు. ఆ రాత్రి నేను లెక్కేశాను. విమానం టిక్కెట్టు మనిషికి నలభై వేలకి తక్కువుండదని ట్రావెల్సు కుర్రాడు చెప్పాడు. పన్నెండుమందికి 4,80,000. మా అక్క జీతం ఏడాదికి 9,600. యాభై ఏళ్ళ జీతం. మా పల్లెలో యాభై ఏళ్ళపాటు ఒక నర్సు ఉండే డబ్బు, పది రోజుల్లో ఎగిరి వచ్చి ఎగిరిపోయింది. ఆ మాట పాస్టరయ్యగారితో అంటే, "నర్సుకిమ్మంటే ఎవరిస్తార్రా, వాళ్ళొచ్చి కళ్ళారా చూస్తేనే ఇస్తారు" అన్నాడు. అబద్ధం కాదు. మమ్మల్ని చూడటానికి ఖర్చు పెట్టినంత మాకు ఖర్చు పెట్టరు.

క్యాంపులో రోగాలేంటి? నడుం నొప్పి, కీళ్ళ నొప్పి, కళ్ళు తిరగటం, రక్తం లేకపోవటం, తెల్లబట్ట, పిల్లలకి పాములు. ఒకామె వొంగిన నడుంతో వచ్చి కూచుంది. ఎప్పట్నుంచి నొప్పని అడిగాడు డాక్టరు. "ఊహ తెలిసిన కాణ్ణుంచి వొంగి నాట్లేస్తన్నాం గదయ్యా" అంది. ఆయన మాత్రలిచ్చి, విశ్రాంతి తీసుకోవాలని చెప్పాడు. నేను తెలుగు చేశాను. ఆమె నవ్వింది. నోట్లో నాలుగు పళ్ళున్నాయేమో. "ఎవురికి నాయనా ఆ మాట చెప్పేది, నాక్కాదు, మా ఆసామికి చెప్పమను" అంది. ఆమె ఏమందని డాక్టరు అడిగితే "థాంక్స్ చెప్పింది సార్" అన్నాను.

బీపీ ఉన్నవాళ్ళకి ముప్ఫై మాత్రలిచ్చారు. ముప్ఫై రోజులవి. ముప్ఫయ్యొకటో రోజు సంగతి ఎవరూ అడగలేదు. మరుసటేడు క్యాంపులో ఒక ముసలామె చెంగు ముడిలోంచి ఖాళీ అట్ట తీసి చూపించింది. ఏడాది దాచింది. అదే రకం కావాలంది. ఈసారొచ్చిన జట్టు దగ్గర ఆ రకం లేదు.

రక్తం లేని పిల్లల్ని వరసగా చూసి చూసి, ఒక చిన్న వయసు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. పొద్దున్నుంచీ ఒకటి గమనిస్తున్నాను, ఈ మనుషులంతా కాలవకి ఇవతలే ఎందుకున్నారు, అవతల పక్క ఇళ్ళవాళ్ళు ఒక్కరూ క్యాంపుకి రాలేదేం అనడిగింది. అన్ని క్యాంపుల్లో, అన్నేళ్ళలో, నేను విన్న ఒకే ఒక అసలు ప్రశ్న అది. పాస్టరయ్యగారు దూరం నుంచే కళ్ళతో చెప్పాడు. నేను "పూర్ పీపుల్, మేడమ్" అన్నాను. కులం అనే మాటకి ఇంగ్లీషు ఏంటో నాకు తెలుసు. నోట్లో ఉంచుకుని మింగాను. వంద రూపాయల కూలి.

మీరు గమనించారో లేదో, నా జీవితంలో ఇంగ్లీషు చేసిన పని ఇదే. ఒకసారి అమ్మని వంటమనిషిని చేశాను. ఇంకోసారి మాల మాదిగల్ని పూర్ పీపుల్ని చేశాను. ఆ రెండు అబద్ధాలూ ఒకటే. అనాథ అన్నా, పేద అన్నా, దేవుడి బిడ్డ అన్నా, ఆ మాటల కింద కప్పెట్టేది ఒక్కటే. ఇది ఎవరు చేశారు అన్న ప్రశ్న. అనాథని ఎవరూ చెయ్యరు, తుపాను చేస్తుంది. పేదరికం ఎవరి తప్పూ కాదు, దాన్ని చూసి ఏడవచ్చు. కానీ మాలపల్లిని పల్లంలో పెట్టినవాడికి పేరుంది, ఇల్లుంది, పట్టాదారు పాసుపుస్తకం ఉంది.

క్యాంపు చివర ప్రతివాళ్ళకీ ఒక సలహా చెప్పేవాళ్ళు, మంచి నీళ్ళు తాగండి, కాచి చల్లార్చి తాగండి అని. డెల్టా అంతా నీళ్ళే. 1855 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ కృష్ణ మా ముంగిట్లోనే పారుతోంది. ఆ నీళ్ళు చెరువుకెక్కితే ఎవరు ముంచుకోవాలి, గొడ్లనెవరు కడగాలి, ఏ రేవు ఎవరిది అన్నదే మా వైద్యశాస్త్రం. 1985లో కారంచేడులో తాగే నీళ్ళ చెరువు దగ్గర గొడ్ల కుడితి నీళ్ళు కలుపుతుంటే ఒక మాదిగ కుర్రాడు అడ్డుచెప్పాడు. అతన్ని కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, కమ్మ భూస్వాములు మాదిగపల్లి మీద పడి ఆరుగురిని చంపారు. మంచి నీళ్ళు తాగాలని అడిగినందుకు. దొరగారి సలహా పాటించినందుకు అనుకోండి. ఈ కథ ఏ క్యాంపులోనూ ఎవరూ ఇంగ్లీషు చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

ఇంత తిడుతున్నాను గదా, మిషనంతా ఇంతేనా అని విద్యార్థులు అడుగుతారు. కాదు. మంచీ చెడ్డా రెండూ ఉన్నాయి. 1843లో బందరులో నోబుల్ దొర బడి పెడితే పై కులాల పిల్లలకే చోటు, మాల మాదిగలకి తలుపు మూసే ఉంది. అది ఒక రకం మిషను. ఒంగోలులో క్లౌ దొర 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ పని కాంట్రాక్టు తీసుకుని మాదిగలకి కూలి ఇప్పించాడు. బిచ్చం కాదు, కూలి. కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారనే మాట పడకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. అంతకు ముందే, 1866లో, ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తనే వెతుక్కుంటూ వెళ్ళి బాప్తిస్మం తీసుకుని, ఊరూరా తిరిగి చెప్పాడు. మా దగ్గరకి ఎవరో వచ్చి మమ్మల్ని కొనలేదు. మా మనుషులే నడిచివెళ్ళారు. గుంటూరుకి 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో అక్కడే చనిపోయింది. నలభై ఏడేళ్ళు. ఆమె దగ్గరకి రోగి ముప్ఫయ్యొకటో రోజున వెళ్ళినా ఆమె ఉంది. కారంచేడు వాళ్ళు పారిపోయి వస్తే చీరాల చర్చి ఆవరణ దాచుకుంది. 1991లో చుండూరులో ఎనిమిదిమందిని నరికితే మిగిలినవాళ్ళు తెనాలి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకున్నారు. ఆ గోడలు పది రోజుల యాత్రకొచ్చినవాళ్ళు కట్టినవి కావు.

ఇక హిందువులమని చెప్పుకునేవాళ్ళు ఇదంతా చదివి చప్పట్లు కొట్టొద్దు. మత మార్పిడి వ్యాపారం బయటపెట్టాడని నన్ను మోసుకెళ్ళొద్దు. మా అమ్మ పదకొండు మైళ్ళు నడిచింది మీ సర్పంచి సంతకం పెట్టలేదు గనకే. మీ గుళ్ళో మా పిల్లలకి ఒక పూట అన్నం పెట్టుంటే ఏ కార్డులో నా ఫోటో ఎక్కేది కాదు. మీ సర్కారు చేసింది ఇంకా గొప్ప పని. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపింది. క్రైస్తవుణ్ణి మాత్రం బీసీ-సీలో ఒక శాతం కింద పడేసింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం షరతు తీసేయమంది, తీయలేదు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరైన మాదిగవాడికి అత్యాచార నిరోధక చట్టం వర్తించదంది. తన్నేవాడు మాత్రం బైబిలు చూసి తన్నడం ఆపలేదు. కులం పేరుతో తిట్టే తంతాడు.

అందుకని మేమంతా రెండు పేర్లతో బతికాం. హోము రికార్డులో నేను అనాథ. ఎమ్మార్వో ఇచ్చిన కాగితంలో హిందూ మాల. చర్చి రిజిస్టర్లో మాత్రమే నా బాప్తిస్మం పేరు, అమ్మ పేరు, నాయన పేరు ఉన్నాయి. అది ఎక్కడా చూపించటానికి పనికిరాని కాగితం.

ఇప్పుడు బయటి దేశాలవాళ్ళకే తెలివొస్తోంది. అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ప్రతి అయిదుగురిలో నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని 2009లో సేవ్ ద చిల్డ్రన్ సంస్థ లెక్క చెప్పింది. చెప్పటానికి వాళ్ళకి 2009 దాకా పట్టింది, మా హోము వంటామె 1979లోనే చెప్పేది. తల్లిదండ్రులున్న పిల్లల్ని అనాథలుగా చూపించటం ఆధునిక బానిసత్వం కిందికొస్తుందని 2018 చట్టంతో ఆస్ట్రేలియా గుర్తించింది. 2019లో ఐక్యరాజ్య సమితి సాధారణ సభ కూడా ఈ అనాథాశ్రమ యాత్రల మీద తీర్మానంలో మాట్లాడింది. మనదేశంలో 2017లో కంపాషన్ ఇంటర్నేషనల్ విదేశీ నిధుల చట్టం దెబ్బకి మూతపడితే, లక్షా నలభైవేలకి పైగా పిల్లలకి సాయం ఒక్కసారిగా ఆగిపోయింది. ఢిల్లీవాళ్ళు అది గెలుపన్నారు. ఆ పిల్లల ఫీజు ఎవరు కడతారని అడిగినవాడు లేడు. పంపేవాడి దయ మీద నిలబెట్టటం ఒక దుర్మార్గమైతే, ఆ దయని తెంచి కింద ఏమీ పరచకపోవటం ఇంకో దుర్మార్గం. రెంటిలోనూ పడేది మా పిల్లలే.

అమ్మ 2011లో పోయింది. జ్ఞాపకార్థ కూడికకి ఫోటో కావాల్సొచ్చింది. ఆమె పడుచుతనంలో తీసిన ఫోటో ఇంట్లో ఒక్కటే ఉంది, దొరసానమ్మ తీసింది. నన్ను కోసేసి అమ్మని పెద్దది చెయ్యమని బెజవాడలో స్టూడియోకిచ్చాను. కుర్రాడు తిప్పి చూసి, "వెనకేదో ఇంగ్లీషులో రాసుంది సార్, వంటమనిషని, ఆవిడేనా?" అనడిగాడు. "కాదు, మా అమ్మ" అన్నాను. ముప్ఫై ఏళ్ళు పట్టింది ఆ రెండు ముక్కలకి.

హోము ఇంకా ఉంది. ఇప్పుడు పాస్టరయ్యగారి అబ్బాయి చూస్తున్నాడు, ఇంజినీరింగు చదివాడు. పోయిన డిసెంబరులో ఫోన్ చేశాడు. "వందనాలు బాబాయ్, జనవరిలో పదిహేనుమంది టీమ్ వస్తోంది, ఇద్దరు డాక్టర్లు. మీ ఇంగ్లీషు బాగుంటది, రెండ్రోజులు రావాలి." వస్తానన్నాను. హోములో పిల్లల తల్లుల్ని ముందు వరసలో కూచోబెట్టాలి, ఫలానా పిల్లాడి తల్లి ఈమె అని నేను చెబుతాను అన్నాను. క్యాంపులో ఎవరన్నా కాలవకి ఇవతలే ఎందుకున్నారని అడిగితే, మాల మాదిగలు గనక అని చెబుతాను, ఆ మాటకి ఇంగ్లీషులో అర్థం చెప్పటానికి నాకు అరగంట టైమివ్వాలి అన్నాను. కూలి అక్కర్లేదన్నాను.

"నాన్నగారితో మాట్లాడి చెప్తాను బాబాయ్" అన్నాడు. జనవరి అయిపోయింది. టీమ్ వచ్చి వెళ్ళిందట. ఇంగ్లీషు ఎవరు చేశారో తెలవదు.